అమెరికా పశులకాపరుల కథలు

అమెరికావారు "వెస్టర్న్" అని పేరు పెట్టిన కథలు కొన్ని కలవు. పశ్చిమదేశపు కథలని ఆ మాటకు అర్థము. వీనిలో ఒక గుఱ్ఱపు రౌతు, ఒక చిన్న ఊరు, ఒక దుర్మార్గుడు, రెండు మూడు తుపాకులు తప్పక యుండును. ఆట మొదలైన పావుగంటకే తుది యెట్లుండునో చూచువారికి తెలిసిపోవును. తెలిసియు లేచిపోరు. మన వీథినాటకములకు పోవువారెవ్వరును రావణుడు చచ్చునో బ్రతుకునో యను సందేహముతో పోరు గదా! తెలుగువారికిని ఈ కథలు క్రొత్తవి గావు. 1971లో కె. యస్. ఆర్. దాసు దర్శకత్వమున, కృష్ణ కథానాయకుడుగా వచ్చిన "మోసగాళ్ళకు మోసగాడు" ఈ అచ్చున పోసినదే. కాని నేడు నేను చెప్పబూనినది వెండితెర చిత్రములను గూర్చి కాదు; ఇంటిలో కూర్చుండి చూచుటకై టెలివిజను కొఱకే తీసిన వెస్టర్నులను గూర్చి. వీని ఆకర్షణము వేఱు.

ముందుగా అసలు చరిత్రను కొంచెము చెప్పవలెను. ఆ దేశమున 1861 మొదలు 1865 వఱకు అంతర్యుద్ధము జరిగెను. అది ముగియునప్పటికి దక్షిణమున టెక్సాసు రాష్ట్రమందు పశువులు లక్షల కొలదిగా పెరిగిపోయి యుండెను. అక్కడ 4 డాలర్లకు మించి పలుకని పశువు ఉత్తరాది పట్టణములలో 40 డాలర్ల వఱకు పలికెడిది. నడుమ రైలు లేదు. కనుక పదిపండ్రెండుగురు కాపరులు రెండు మూడు వేల పశువుల మందను దినమునకు 10, 15 మైళ్ళ చొప్పున తోలుకొని, ఏఱులు దాటుచు, కాన్సాసు రైలుస్టేషనుల వఱకు నడిపించెడివారు. నెలల తరబడి ప్రయాణము. రాత్రులు వంతుల చొప్పున కావలి. కూలి నెలకు 30 డాలర్లకు అటునిటు. మంద ఒక్కమారు బెదరి చీకటిలో పరుగెత్తినచో ఏమగునో పశువులను మేపిన పెద్దలకు నేను చెప్పనక్కఱలేదు. 1866లో చార్లెస్ గుడ్‌నైట్ అను మందల యజమాని ఒక బండి వెనుక అఱలపెట్టె నమర్చి, కదలెడి వంటయిల్లు చేయించెను. తరువాత మందలన్నిటి వెంట అట్టి బండ్లే నడచినవి. 1874లో ముండ్లతీగకు పేటెంటు వచ్చెను. బయళ్ళు కంచెలపాలయ్యెను, రైళ్ళు టెక్సాసుకే వచ్చెను. ఇరువదియేండ్లలో ఆ వృత్తి దాదాపు ముగిసెను.

అంత కొద్దికాలపు బ్రతుకునుండి ఇంత పెద్ద పురాణము పుట్టినది. టెలివిజనులో దానిని ఇంటింటికి తెచ్చినవానిలో "గన్‌స్మోక్" ముఖ్యమైనది. ఇది మొదట 1952లో రేడియోలో పుట్టెను. రేడియోలో ప్రసంగించు నాకు ఈ మాట చెప్పుట ఒక చిన్న సంతోషము. 1955లో టెలివిజనుకు పోయి 1975 వఱకు 635 భాగములు సాగెను. కాన్సాసులోని డాడ్జ్ సిటీలో శాంతిరక్షణ చేయు మ్యాట్ డిల్లన్ కథానాయకుడు. ఆ వేషము జేమ్స్ ఆర్నెస్‌ది. అతడు 1987లో, తన 64వ యేట, మరల అదే వేషముతో టెలివిజను చిత్రమున కనబడెను. 1994 లోపల మఱి నాలుగు వచ్చెను. చూచినవారును అతనితోపాటు ముసలివారైరి. వెండితెర వీరుడు ఎప్పుడో ఒకనాడు కనబడు దొర. వారమువారము ఇంటికి వచ్చిన వీరుడు చుట్టము. చుట్టము చెప్పిన కథనే మరల చెప్పినను విందుము. ఈ కథల ఆకర్షణమంతయు ఇందే యున్నదని నా అభిప్రాయము.

ఐతే చుట్టము చెప్పినదెల్ల నిజము కాదు. కథలో ఆ ఊరి వీథిని ఎవడో ఒకడు తఱచుగా కూలవలసినదే. నిజమైన డాడ్జ్ సిటీలో ఆ కాలముననే ఊరిలో తుపాకి ధరించి తిరుగరాదని కట్టడి యుండెను. పశువుల వ్యాపారము సాగిన 5 కాన్సాసు ఊళ్ళలో 1870 మొదలు 1885 వఱకు జరిగిన హత్యలన్నియు కలిపి 45 అని రాబర్ట్ డిక్‌స్ట్రా అను చరిత్రకారుడు లెక్క తేల్చెను. కాపరులలో పెక్కుమంది నల్లజాతివారు, మెక్సికోవారు అని చరిత్రకారులు చెప్పుదురు. పాత కథలలో వారి మొగమే కానరాదు. ఆ మైదానములు కొమాంచీ జాతివారికి స్వదేశము. 1875లో వారి కడపటి దండు లొంగిపోయెను. కథలో వారు పొదచాటునుండి వచ్చు బాణము మాత్రమే.

1989 ఫిబ్రవరిలో నాలుగు రాత్రులు ప్రసారమైన "లోన్సమ్ డవ్" ఈ లోపమును కొంత తీర్చినది. ల్యారీ మెక్‌మర్ట్రీ 1985లో ప్రకటించిన నవల దీనికి మూలము. వయసు మళ్ళిన ఇద్దఱు మిత్రులు టెక్సాసునుండి మోంటానాకు మందను తోలుకొని పోవుటయే కథ. రాబర్ట్ డూవల్, టామీ లీ జోన్స్ ఆ వేషములు ధరించిరి. పశ్చిమదేశపు పురాణమును కూలద్రోయుటకే వ్రాసితినని గ్రంథకర్త తలచెను. జనులు దానినే క్రొత్త పురాణముగా కైకొని కన్నీరు కార్చిరి. తప్పు వారిదని నేననను. మిత్రుడు చనిపోగా, ఇచ్చిన మాట కొఱకు రెండవవాడు ఆ కళేబరమును ఉత్తరపు కొననుండి టెక్సాసుకు తెచ్చి పాతిపెట్టును. అట్టి దానిని చూచి పురాణమును ఎవడు కాదనును?

ఆ భాగము కల్పన గాదు. వంటబండి చేయించిన గుడ్‌నైట్‌కు ఆలివర్ లవింగ్ అను పాలివాడుండెను. అతడు 1867లో కొమాంచీలతో జరిగిన పోరులో గాయపడి, న్యూ మెక్సికోలో మరణించెను. తన్ను టెక్సాసు నేలలో పాతిపెట్టుమని అతడు కోరగా, గుడ్‌నైట్ 1868లో ఆ కళేబరమును బండిపై తెచ్చి వెదర్‌ఫర్డ్ ఊరికి చేర్చెను. చిత్రములో మందకు దారి చూపు డీట్స్ అను నల్లజాతి సేవకుడును ఊరక పుట్టినవాడు గాడు. అతనికి మూలము బోస్ ఐకార్డ్. అతడు బానిసగా పుట్టి, విముక్తుడై, గుడ్‌నైట్ మందల వెంట నడచినవాడు. నల్లవాని వద్ద సొమ్ముండునని దొంగలు తలపరు గనుక యజమాని తన ధనమును ప్రయాణములలో అతని చేతికే ఇచ్చెడివాడు. ఒక్క డాలరు తగ్గలేదు. ఐకార్డ్ 1929లో చనిపోగా, తొంబదియేండ్లు దాటిన గుడ్‌నైట్ అతని సమాధిపై రాయి నిలిపి, తనతో ఎన్నియేండ్లు ఎట్లు నడచెనో దానిపై చెక్కించెను. చిత్రములో డీట్స్ సమాధిపై చెక్కిన పలకకు ఆ రాయియే మాతృక. వెదర్‌ఫర్డ్‌లో లవింగ్‌ను పాతిపెట్టిన శ్మశానముననే ఆ రాయియు నున్నది.