గడియారపు ప్రదర్శన నమూనాలు: చరిత్రాధారములుగా వాని విలువ

చరిత్రకు శాసనములు, తాళపత్రములు, నాణెములు మాత్రమే ఆధారములని తలచుట పరిపాటి. సరకును విక్రయించుటకై వర్తకుడు అంగడిలో నిలిపిన నమూనా సైతము ఆధారమే యని మా యభిప్రాయము. ఐరోపాలో నగల వర్తకులు చేతిగడియారముల విక్రయమునకు వాడిన ప్రదర్శన నమూనాలను ఇందులకు నిదర్శనముగా గైకొందుము.

చేతిగడియారమునకు ప్రాణము బ్యాలెన్సు చక్రము. దాని యిరుసు కొనలు ఇంచుమించు మిల్లీమీటరులో పదియవ వంతు మందము గలవి. గడియారము నేలబడిన సులభముగా విరుగును. ఈ యిబ్బందిని తొలగింప 1790 ప్రాంతమున పారిస్ నగరమున బ్రెగే యను గడియార శిల్పి 'పారాచ్యూట్' అను నేర్పాటును గావించెను. 1934లో స్విట్జర్లండునందు మార్తి, బ్రౌన్‌ష్వైగ్ అను నిరువురు 'ఇంకాబ్లాక్' సాధనమును రూపొందించిరి. ఇందు ఇరుసు కొనను భరించు రాయి గట్టిగా బిగింపబడక, లైర్ అను తంత్రీవాద్యపు ఆకృతి గల చిన్న స్ప్రింగు క్రింద అణగియుండును. దెబ్బ తగిలినపుడు రాయి జరుగును. తాకిడిని ఇరుసు యొక్క దళసరి భాగము భరించును. పిదప స్ప్రింగు రాయిని స్వస్థానమునకు జేర్చును.

కాని కొనువానికి ఇది కనబడునా? మూత తెరచి చూపినను ఆవగింజకంటె చిన్నదియగు రాయి, వెండ్రుకవంటి కమ్మి తప్ప మరేమియు గోచరింపదు. కావుననే యీ భాగములను అనేక రెట్లు పెంచి చేసిన నమూనాలు అంగళ్లలో వెలసినవి. 1926లో రోలెక్సు సంస్థ వెలువరించిన 'ఆయిస్టర్' గడియారమును చేపలు తిరుగు నీటితొట్టిలో నుంచి ప్రదర్శించుటయు నుండెను. ఈ రెండింటికిని భేదము కలదు. తొట్టి ఫలితమును మాత్రము చూపినది. నమూనా కారణమును బోధించినది. ఆనాటి కొనుగోలుదారు దేనికి భయపడెనో, ఏది చూచి నమ్మెనో ఈ వస్తువులే మనకు దెలుపుచున్నవి.

1969 డిసెంబరు 25న టోక్యోలో సీకో సంస్థ తొలి క్వార్ట్జ్ చేతిగడియారమును విక్రయమునకు దెచ్చెను. అట్టి గడియారములో బ్యాలెన్సు చక్రమే లేదు. అవి వ్యాపించిన కొలది పాత నమూనాలకు అంగడిలో పని తగ్గినది. నేడు సేకర్తలు వానిని వెదకుచున్నారు.

సేకర్తలకు మా మనవి యొక్కటే. నమూనాకు క్రొత్తరంగు పూయరాదు. దానిపై వర్తకుని పేరుగల చీటిని తొలగింపరాదు. అది ఎచ్చట లభించెనో వ్రాసియుంచవలెను. ఆశ్వాసాంత గద్య లోపించిన ప్రతికి కర్తృనిర్ణయ మెంత దుష్కరమో, చీటి పోయిన నమూనాకు చరిత్ర చెప్పుట యంత దుష్కరము. మెరుగుపెట్టిన నమూనా అలంకారము కావచ్చును; సాక్ష్యము మాత్రము కాజాలదు.