డెప్రికేట్: మొక్కులోంచి పుట్టిన మాట

కాప్రాలో మా మేడ మీది గదిలో పాత పైథాన్ కోడ్‌ను పాండాస్ లైబ్రరీ 2.0కు సిద్ధం చేస్తున్నాను. ముందు 1.5లో నడిపి హెచ్చరికలన్నీ సరిచేయడం మేలు. తెర నిండా ఒకటే గోల: డెప్రికేటెడ్!

లాటిన్‌లో ‘ప్రెకారీ’ అంటే వేడుకోవడం. దానికి ‘డె’ చేరితే, వేడుకుని కీడును తప్పించుకోవడం. మనకు కొత్తేం కాదు. సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి బోనాల వెనక చెప్పుకునే 1813 నాటి మొక్కూ గత్తర తొలగాలనే కదా! ఇంగ్లీషులో ఆ లాటిన్ మాట ‘వద్దనడం’గా మారింది. ప్రోగ్రామర్లకొచ్చేసరికి ‘నేడుంది, రేపుండదు’ అయింది.

పాండాస్ డేటాఫ్రేమ్‌లోని ‘అపెండ్’నే చూడండి. 2022 జనవరిలో 1.4 దానికి ఈ ముద్ర వేసింది, 2023 ఏప్రిల్‌లో 2.0 తీసేసింది. ఇప్పుడు ‘కాన్‌కాట్’ వాడాలి. నేనైతే డెప్రికేటెడ్‌ను ‘ఖాళీ చేయమన్న అద్దెవాటా’ అంటాను.