గిర్మిటు మొదలు వీసా వరకు

గోదావరీతీరమున రామగుండమునకు చేరువగా నున్న గోదావరిఖని వలస వచ్చినవారు కట్టుకొన్న పట్టణము. 1960 దశకములో నచ్చట బొగ్గుగనులు తెరవబడినప్పుడు చుట్టుపట్ల జిల్లాల పల్లెలనుండియు దూరదేశములనుండియు జనులు వచ్చి, తట్టయు చెమ్మసును చేతబట్టి "బాయిపని"లో కుదురుకొనిరి. పేరు మస్టరుకెక్కిన దినము ఆ కుటుంబమునకు పండుగదినమే. ఆ యిండ్లలో పెరిగిన యువకులే నేడు ఫిట్టరు, వెల్డరు, ఎలక్ట్రీషియను విద్యలు నేర్చి, పరదేశములకు బోవు దారి యేదియని విచారించుచున్నారు. నిన్నటి వలసదారుల మనుమలు నేటి వలసదారులగుచున్నారు.

దీనికి కారణము బొగ్గు తరిగిపోవుట కాదు. సింగరేణి సంస్థలో 1990 ప్రాంతమున లక్షకు పైగా కార్మికులుండిరి. ఇటీవలి సంవత్సరములలో వారి సంఖ్య సుమారు 40 వేలు మాత్రమే. ఆనాడు ఏటికి 2 కోట్ల టన్నులకు లోపుగా నుండిన ఉత్పత్తి 2023–24లో 7 కోట్ల టన్నులకు చేరినది. భూగర్భమున వందలాది చేతులు చేసిన పనిని ఉపరితలగనులలో షావెళ్లును డంపర్లును చేయుచున్నవి. రామగుండమునందలి ఎరువుల కర్మాగారము 1999లో మూతపడి, కొత్త సంస్థగా రూపొంది 2021లో మరల ఉత్పత్తి ప్రారంభించెను. కాని నడుమ గడచిన ఇరువది యేండ్లలో ఒక తరము వారు ఉపాధి వెదకుకొనుచు ఊరు విడిచిరి. చదువు పెరిగెను, చేతిపని నేర్చినవారు పెరిగిరి, స్థానికముగా వారిని పిలుచు కొలువులు తగ్గెను. కనుక బయటికి బోవుట తప్పుగాదు, వింతయు గాదు. విచారింపవలసినది పోవు విధమును గూర్చియే.

విదేశోద్యోగపు మాట వచ్చినంతనే మన యిండ్లలో మొదట పుట్టు ప్రశ్న "వీసా యెంతకు దొరకును?" అనునది. మొదట అడుగవలసిన ప్రశ్న యది కాదు, "వీసాలో నేమి వ్రాసియున్నది?" అనునది. తెలుగువారి సముద్రాంతర వలసచరిత్ర నాదినుండి పరిశీలించినచో, పోయినవాని భాగ్యమును దూరముగాని, ఆ దేశపు సంపదగాని, తుదకు వాని నేర్పుగాని నిర్ణయించినంతగా చేతనున్న కాగితము నిర్ణయించినదని తేటపడును.

బ్రిటిషు సామ్రాజ్యమున బానిసత్వమును నిషేధించు చట్టము 1833లో పుట్టెను. చెరకుతోటల యజమానులకు బానిసలు పోయిన చోట కూలీలు కావలసివచ్చిరి. 1834 మొదలు మారిషసు దీవికి మన దేశీయులు ఒప్పందముపై పోసాగిరి. గోదావరీ ముఖద్వారమునందలి కోరంగిరేవునుండి పోయిన తెలుగువారికి అచ్చట "కోరంగీలు" అను పేరు స్థిరపడెను. 1860 నవంబరు 16వ తేదీన "ట్రూరో" అను ఓడ చెన్నపట్టణమునుండి కూలీలను గొని దక్షిణాఫ్రికాలోని డర్బను చేరెను. వారిలో తెలుగువారును గలరు. వారి ఒప్పందమునకు ఇంగ్లీషులో నున్న పేరు కూలీల నోట "గిర్మిటు" అయ్యెను. ఒప్పుకొన్నవాడు "గిర్మిటీయుడు" అయ్యెను.

ఆ గిర్మిటులో అంతయు వ్రాతపూర్వకముగానే యుండెను. అయిదేండ్ల గడువు, నెలకింత జీతము, ఇంత తిండి, ఇంత వసతి యని స్పష్టముగా నుండెను. లోపమెక్కడ? పనికి రానిచో కూలివానికి చెరసాల; జీతమియ్యనిచో యజమానికి అంతటి శిక్ష లేదు. ఒప్పందము పేరునకు ఇరుపక్షములది, బంధము మాత్రము ఒక పక్షమునకే. వ్రేలిముద్ర వేసినవానికి ఆ సంగతి ఓడ దిగినపిమ్మట గాని తెలియలేదు. గోఖలే మొదలగువారు శాసనసభలో చేసిన పోరాటమువలన 1911లో నాటాలునకు కూలీలను పంపుట నిలిచెను. 1917లో ఈ పద్ధతియే ఆపివేయబడెను.

కాగితము దుష్టమైనదని కాగితమే లేకుండ పోయినవారి గతి యేమయ్యెను? బర్మాకు మన ఉత్తరకోస్తా జిల్లాలనుండి వేలకొలది జనులు మేస్త్రీల వెంట పోయిరి. గిర్మిటు లేదు, మేస్త్రీ ముందుగా ఇచ్చిన బయానా అప్పే వారి సంకెల. రంగూను రేవులో ఓడలకు సరకులెత్తిన మన కూలీలను 1930 మేనెలలో స్థానికులతో చెలరేగిన కలహము బలిగొనెను. 1942లో జపాను సేనలు వచ్చినపుడు లక్షలాది భారతీయులు కాలినడకన అడవులు దాటి రావలసివచ్చెను. దారిలో మరణించినవారు అనేకులు. అన్యాయపు పత్రము ఒకవిధమున చెరుపు చేసినచో, పత్రలేమి మరియొకవిధమున చెరుపు చేసెను.

ఈ రెండనుభవముల నడుమ 1922లో వలసచట్టము వచ్చెను. ఆ చట్టము కూలిపనిని నైపుణ్యపుపనిని వేరుచేసెను. చేతిపనివారు, గుమాస్తాలు, దుకాణపు సహాయకులు మాత్రమే గాక, భోజనశాలలలో పనిచేయువారు, గృహసేవకులు సైతము నైపుణ్యవర్గముననే చేర్పబడిరి. అట్టివారిని విదేశమునకు దీసికొనిపోదలచిన యజమాని ముందుగా ప్రభుత్వానుమతి కోరవలెను. ఒప్పందపు షరతులు చూపవలెను. ఆరోగ్యమునకును, గడువు తీరినపిమ్మట స్వదేశమునకు తిరిగివచ్చుటకును ఏర్పాటు చూపవలెను. హామీగా ధరావతు కట్టవలెను. ఆచరణలో ఎన్ని లోపములున్నను ఇందలి మూలసూత్రము గమనింపదగినది: నేర్పరికి నేర్పున్నంతమాత్రమున రక్షణయక్కరలేదని ఆ చట్టము తలంపలేదు.

1973 తరువాత చమురు ధర పెరిగి, అరబ్బుదేశములలో పట్టణములు లేచెను. కరీంనగరము, నిజామాబాదు జిల్లాల పల్లెలు దుబాయి, మస్కటు, కువైటులతో ముడిపడెను. ఈ ప్రవాహమును క్రమపరచుటకు 1983లో కొత్త వలసచట్టము ఏర్పడెను. లైసెన్సులేని ఏజెంటు జనులను చేర్చరాదు. వలసదారుల సంరక్షకుడను అధికారి ఒప్పందమును చూచి అనుమతి నొసగవలెను. ఇంతవరకు మంచిదే. అయితే ఎవరికి ఈ అనుమతి యవసరము? పదవతరగతి ఉత్తీర్ణులుకానివారు పదునెనిమిది దేశములకు ఉద్యోగమునకై పోవునపుడు మాత్రమే. పదవతరగతి ముగించి, ఐటీఐలో ఫిట్టరు పని నేర్చిన గోదావరిఖని యువకుడు ఈ పరిశీలనకు వెలియైనాడు. వాని ఒప్పందమును చూచు అధికారి లేడు. 10 లక్షల రూపాయల ప్రవాసీబీమా వానికి నిర్బంధము కాదు. 2015లో నర్సులకు మాత్రము ఈ మినహాయింపు తొలగింపబడెను. తక్కినవారును ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ వ్యవస్థలో పేరు నమోదు చేసికొనితీరవలెనని 2019 జనవరినుండి విధింపదలచి, ఆ తలంపును అమలుకు ముందే ఆపివేసిరి. చదువుకొన్నవాడు తన్ను తాను కాపాడుకొనగలడని చట్టము విశ్వసించినది. ఆ విశ్వాసమునకు మనము తగియున్నామా యనునదే ప్రశ్న.

తగియుండలేదనుటకు "ఆజాద్ వీసా" యొక్కటే చాలును. పేరునకు స్వేచ్ఛ, నిజమునకు ఆ దేశపు చట్టమున అట్టి వీసాయే లేదు. పని యియ్యని యొక కఫీలు పేర వీసా కొని, అచ్చటికి పోయి వేరొకచోట పని వెదకికొనుటయే దాని యర్థము. పట్టుబడినచో నేరము వానిదే. కఫీలు "పారిపోయినాడు" అని వ్రాసియిచ్చినచో వాడు "కల్లివెల్లి" యగును; జీతము కొరకు దావా వేయుటకు సైతము మొగము చెల్లదు. వెల్డరు పని తెలిసినవాడు సామాన్యకూలి యని వ్రాసిన వీసాపై పోయినచో వాని చేతిలోని విద్యకు ఆ దేశమున గుర్తింపు లేదు. వాడు కూలియే, కూలిజీతమే. మన యిండ్లలో పొలమమ్మి, నగలు కుదువబెట్టి, సంవత్సరముల శిక్షణను చేజేతుల చెరిపివేయుట యిట్లు జరుగుచున్నది. లైసెన్సున్న ఏజెంటు గైకొనదగిన రుసుము 30,000 రూపాయలును దానిపై పన్నును మాత్రమేయని నియమమున్నది. అంతకు మించి యడుగువాడు అమ్మునది ఉద్యోగము కాదు, ఆశ.

రాజ్యములు మారవని నిరాశపడనక్కరలేదు. ఖతరుదేశము 2020లో యజమాని సమ్మతిపత్రము లేకుండనే ఉద్యోగము మారు హక్కు నిచ్చెను. మరుసటి సంవత్సరము నెలకు 1,000 రియాళ్ల కనీసవేతనమును అమలుచేసెను. అదే 2020 సెప్టెంబరులో మన ప్రభుత్వము గల్ఫుదేశములకు బోవువారి కనీసవేతనపు మట్టములను తగ్గింపగా, తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యము నడిచి, 2021లో ఆ తగ్గింపు ఉపసంహరింపబడెను. తెలంగాణ ప్రభుత్వము 2024లో గల్ఫున మరణించిన కార్మికుని కుటుంబమునకు 5 లక్షల రూపాయల సహాయము ప్రకటించెను. ఇవన్నియు అడిగినందున వచ్చినవి. అయినను మరణానంతర సహాయముకన్న ప్రయాణపూర్వపు విచారణ మేలని వేరుగా చెప్పనేల?

ఇప్పుడు కొత్తదారులును తెరచుకొనుచున్నవి. జపాను 2019 ఏప్రిలులో నిర్దిష్టనైపుణ్య కార్మికులకు వీసా నేర్పరచెను. 2021లో మన దేశముతో దానిపై ఒప్పందము కుదిరెను. ఆ వీసా ధనమిచ్చి కొనునది కాదు. పనిపరీక్షయు జపానుభాషాపరీక్షయు నెగ్గి సంపాదించునది. జర్మనీ 2020 మార్చినుండి చేతివృత్తులు నేర్చినవారికి ద్వారము విశాలము చేసెను. అచ్చటను భాషయు, విద్యార్హతకు గుర్తింపును ముఖ్యములు. తెలంగాణ ప్రభుత్వపు టామ్‌కామ్ సంస్థ స్వయముగా లైసెన్సు గలిగి ఇట్టి ఉద్యోగములకు అభ్యర్థులను ఎంపికచేసి పంపుచున్నది.

బొగ్గుప్రాంతపు వారొక సంగతి ముఖ్యముగా గుర్తింపవలెను. మైనింగు సర్దారు, ఓవరుమను పత్రములు మన గనులచట్టము క్రింద నొసగబడునవి. వాటి విలువ మన గనులలోనిది. ఆస్ట్రేలియాలో గనుల భద్రతాచట్టములు రాష్ట్రమునకొక్కటిగా నున్నవి. అచ్చట బాధ్యతగల గనియుద్యోగములకు ఆయా రాష్ట్రముల పత్రములే కావలెను. జపాను జాబితాలో గనిపని లేనేలేదు. కనుక గనిలో పనిచేసితిమను అనుభవము ఒక్కటియే సరిహద్దు దాటదు. వెల్డింగు, విద్యుత్తు, భారీయంత్రముల మరమ్మతు వంటి విద్యలు దాటును. అవియు పరీక్షించి ధ్రువపరచిన పత్రముతోను, పోవుదేశపు భాషతోను గూడియున్నపుడే.

గృహస్థులు చేయదగిన పనులు కష్టమైనవి కావు. ధనమిచ్చుటకు ముందు ఏజెంటు లైసెన్సును ఈ-మైగ్రేట్ జాబితాలో చూడవలెను. వీసాలో వ్రాసిన వృత్తియు, ఒప్పందములో వ్రాసిన వృత్తియు, కుమారుడు నేర్చిన వృత్తియు ఒక్కటియే యగునా యని పోల్చి చూడవలెను. జీతము, పనిగంటలు, వసతి, తిరుగుప్రయాణపు ఖర్చు ఎవరిదో చదువవలెను. చట్టము బలవంతపెట్టకున్నను బీమా చేయవలెను. ఒప్పందపు ప్రతి యొకటి పెట్టెలోనికిగాక ఇల్లాలి చేతికి రావలెను. అప్పు తీర్చునది ఆమె; ఆపద వచ్చినపుడు కచేరీలచుట్టు తిరుగునది ఆమె; అట్టి ఆమెకు ఆ కాగితమున నేమున్నదో తెలియకుండుట న్యాయమా?

నూటయరువది యేండ్లకు పూర్వము ఓడయెక్కిన గిర్మిటీయుడు చదువురానందున చదువక వ్రేలిముద్ర వేసెను. వానిని మనము నిందింపలేము. నేటి మన కుమారుడు చదువువచ్చియు చదువక సంతకము చేసినచో, నింద యెవరిపై వేయుదము? పాఠశాలలు పెట్టి, శిక్షణాలయములు పెట్టి మనము సంపాదించిన చదువు తొలిసారిగా అక్కరకు రావలసినది ఆ యొక్క కాగితమును చదువుటకే.