నలభైకి నలభై

జపాన్ వీడియో గేమ్‌ల పత్రిక ‘ఫమిత్సు’ 1986 జూన్‌లో మొదలైంది. 2026 జూన్‌తో దానికి నలభై. కానీ ఆ పత్రిక చదివేవాళ్లకు నలభై అనగానే గుర్తొచ్చేది వయసు కాదు, మార్కులు. కొత్త గేమ్ వస్తే నలుగురు విడివిడిగా ఆడి తలా పదికి మార్కులేస్తారు, నాలుగూ కూడి నలభైకి ఇంత అని తేలుస్తారు. నలభైకి నలభై మొదటిసారి పడింది 1998లో, ‘ద లెజెండ్ ఆఫ్ జెల్డా: ఆకరీనా ఆఫ్ టైమ్’కి. అంటే పన్నెండేళ్లపాటు ఎవరికీ ఇవ్వకుండా బిగపట్టారు. ఆ తర్వాత చెయ్యి కాస్త వదులైంది. 2005లో కుక్కపిల్లల్ని పెంచుకునే ‘నింటెండాగ్స్’కి కూడా నలభై పడ్డాయి. కుక్కపిల్లలకు మార్కులు తగ్గించే గుండె ఎవరికుంటుంది లెండి.

ఆటను ఆడి ఊరుకోకుండా దాని మంచిచెడ్డలు తేల్చాలన్న ఆరాటం మాత్రం చాలా పాతది. 1283లో నేటి స్పెయిన్‌లోని కాస్టీల్ రాజు పదో అల్ఫోన్సో సెవిల్ నగరంలో ఒక ఆటల గ్రంథం పూర్తి చేయించాడు. అందులోని కథ మన దేశంలోనే మొదలవుతుంది. ఇండియాలో ఒక రాజు. ఆయన దగ్గర ముగ్గురు పండితులు. తెలివి గొప్పదా, అదృష్టం గొప్పదా అని వాదన వచ్చింది. తెలివే అన్నవాడు చదరంగం తెచ్చాడు, అదృష్టమే అన్నవాడు పాచికలు తెచ్చాడు. రెండూ కావాలన్న మూడోవాడు బ్యాక్‌గామన్‌కు తాత వరసైన ఆటను తెచ్చి ముందు పెట్టాడు. అల్ఫోన్సో ఓటు చదరంగానికే. మార్కులు వేయలేదు గానీ, ర్యాంకు ఇచ్చినట్టే.

అక్కణ్నుంచి ఏడు వందల ఏళ్లు ఒక్క అంగలో దాటేద్దాం. ఆ నడుమ ఆటల నియమాలు రాసినవాళ్లున్నారు, జూదాన్ని తిట్టిపోసినవాళ్లున్నారు. ఇది కొనండి, అది కొనకండి అని చెప్పే మనిషి రావాలంటే ఆట డబ్బాలో పెట్టి అమ్మే సరుకు కావాలి. అమెరికాలో 1970ల చివర ‘వీడియో’ అనే పత్రికలో బిల్ కుంకెల్, ఆర్నీ కాట్జ్ గేమ్‌ల మీద ఒక శీర్షిక మొదలుపెట్టారు. 1981లో జాయిస్ వోర్లీతో కలిసి ‘ఎలక్ట్రానిక్ గేమ్స్’ అనే పత్రికే పెట్టేశారు. అదే ఏడాది వచ్చిన ‘కంప్యూటర్ గేమింగ్ వరల్డ్’ మాత్రం 1994 దాకా ఎవరికీ మార్కులే వేయలేదు. చదువుకుని మీరే తేల్చుకోండి అన్న పెద్దమనిషి తరహా.

ఇక నాకు ఇష్టమైన ఊరికి వద్దాం. ఇంగ్లండ్‌లో వేల్స్ సరిహద్దు దగ్గర లడ్లో అని ఒక చిన్న ఊరుంది. పాత కోట, సంత, వాలు వీధులు. లండన్ పత్రికలవాళ్లు కన్నెత్తి చూడని చోటు. 1983లో అక్కడ ముగ్గురు కలిసి ఒక వ్యాపారం మొదలుపెట్టారు. రోజర్ కీన్, ఆయన స్నేహితుడు ఆలివర్ ఫ్రే, ఆలివర్ తమ్ముడు ఫ్రాంకో. ఆలివర్ బొమ్మలేసేవాడు. 1978 నాటి ‘సూపర్‌మ్యాన్’ సినిమా మొదట్లో కనపడే కామిక్ పేజీలు ఆయన గీసినవే. వీళ్ల వ్యాపారం స్పెక్ట్రమ్ కంప్యూటర్ గేమ్‌లను పోస్టులో అమ్మడం. దానికో క్యాటలాగ్ కావాలి. క్యాటలాగ్‌లో ఒక్కో గేమ్ గురించి నాలుగు ముక్కలు రాయాలి. మరి ఇవన్నీ ఆడేదెవరు? ఊళ్లో బడిపిల్లల్ని పిలిచారు.

పిల్లలకు వ్యాపారం తెలియదు. బాగుంటే బాగుందన్నారు, చెత్త అయితే చెత్త అన్నారు. తాము అమ్మే సరుకునే చెత్త అని అచ్చేసుకున్న క్యాటలాగ్ ఇంకోటి ఉందేమో నాకు తెలీదు. జనానికి అదే నచ్చింది. 1984 జనవరిలో ఆ క్యాటలాగ్ ‘క్రాష్’ అనే మాసపత్రికై దుకాణాలకెక్కింది.

ఆ రోజుల్లో స్పెక్ట్రమ్ గేమ్ అంటే ఒక క్యాసెట్. టేప్‌రికార్డర్‌లో పెడితే కీచుమని అరుస్తూ నాలుగైదు నిమిషాలకు లోడ్ అవుతుంది, ఒక్కోసారి చివరి క్షణంలో ఆగిపోతుంది. ధర ఐదారు పౌండ్లు, పిల్లల చేతి ఖర్చు డబ్బు వారాల తరబడి కూడబెడితే వచ్చేంత. డబ్బా మీది బొమ్మ చూసి కొంటే మోసపోవడం ఖాయం, ఎందుకంటే బొమ్మలో రాక్షసుడు, తెరమీద నాలుగు చుక్కలు. అందుకే ‘క్రాష్’ ప్రతి గేమ్‌నూ ముక్కలు చేసి తూచింది. బొమ్మలకు ఇంత, ఆడే వీలుకు ఇంత, వదల్లేనితనానికి ఇంత, పెట్టిన డబ్బుకు తగ్గ విలువకు ఇంత. అన్నీ శాతాల్లో. తొంభై దాటిన వాటికి ‘క్రాష్ స్మాష్’ అనే బిరుదు.

పాత సంచికలు తిరగేస్తుంటే నన్ను కట్టిపడేసేది ఆ శాతాలు కాదు. అసలు సమీక్ష పక్కనే ముగ్గురి అభిప్రాయాలు విడివిడిగా వేసేవారు. ఒకడు ఆహా అంటాడు, రెండోవాడు పెదవి విరుస్తాడు, మూడోవాడికి రంగులు నచ్చలేదు. సంపాదకుడు వాళ్ల మధ్య రాజీ కుదర్చడు. కొన్నాళ్లు చదివేసరికి ఎవరి రుచి ఏమిటో పాఠకుడికి తెలిసిపోతుంది. ‘వీడు తిట్టాడంటే నాకు నచ్చుతుంది’ అనుకోవచ్చు. మన సినిమా సమీక్షల్లో రెండూ ముప్పావు, మూడుంపావు చూసి ఈ పావు ఎక్కణ్నుంచి వచ్చిందిరా అని తల గోక్కునేవాళ్లకు ఈ సుఖం లేదు.

పాఠకుల ఉత్తరాలకు జవాబిచ్చే లాయిడ్ మాంగ్రామ్ ఇంకో తమాషా. విసుక్కునేవాడు, ఓదార్చేవాడు, పాత టైప్‌రైటర్ గురించి గొణిగేవాడు. అలాంటి మనిషే లేడు. కీన్ తదితరులు ఆ పేరుతో రాసేవారు. 1985లో పోటీ పత్రిక ‘సింక్లెయిర్ యూజర్’ను వెక్కిరిస్తూ కొన్ని పేజీలు వేస్తే దాని యజమానులు ఇమాప్ కంపెనీవాళ్లు కోర్టుకెక్కారు. 1986కల్లా ‘క్రాష్’ అమ్మకాలు లక్ష దాటాయి. లక్షమందీ లడ్లో బడిపిల్లల మాట విన్నారన్నమాట!

వీళ్లదే మరో పత్రిక ‘జాప్!64’, కొమొడోర్ కంప్యూటర్ కోసం, 1985లో. అందులో సమీక్షకుల తలకాయలను ఆలివర్ రకరకాల హావభావాలతో గీశాడు. గేమ్ బాగుంటే జూలియన్ రిగ్నల్ కళ్లు వెలిగిపోతాయి, లేకపోతే గ్యారీ పెన్ మొహం మాడిపోతుంది. చదవడం రాకపోయినా తీర్పు తెలుస్తుంది. ఆ పత్రిక మొదటి సంపాదకుడు క్రిస్ ఆండర్సన్, పాకిస్తాన్‌లో పుట్టి ముస్సోరీలోని వుడ్‌స్టాక్ స్కూల్లో చదువుకున్నవాడు. పత్రికను లడ్లోకి మారుస్తామంటే రానని, 15,000 పౌండ్ల బ్యాంకు అప్పుతో ‘ఫ్యూచర్’ అనే సొంత సంస్థ పెట్టాడు. తర్వాత టెడ్ ప్రసంగాలను ప్రపంచానికి పంచిపెట్టిన ఆండర్సన్ ఇతనే.

లడ్లో సంస్థ 1991లో దివాలా తీసింది. అదే ఏడాది ఫ్యూచర్ నుంచి ‘అమిగా పవర్’ వచ్చింది. మిగతా పత్రికలు ఎంత సాదా గేమ్‌కైనా డెబ్బై శాతం వేస్తుంటే, సగటు అంటే యాభై కదా అని వీళ్లు నిజంగానే యాభై వేశారు. లెక్క ప్రకారం న్యాయమే. ప్రచురణకర్తలు మాత్రం కస్సుమన్నారు. ‘టీమ్17’ కంపెనీ సమీక్షకు కాపీలు పంపడమే మానేసింది. ఫ్యూచర్‌దే అయిన ‘ఎడ్జ్’ 1994లో ‘డూమ్’కి పదికి ఏడు వేసింది. ఆ గేమ్‌లో కాల్చి చంపాల్సిన రాక్షసులతో మాట్లాడే వీలుంటే బాగుండేదని సమీక్షకుడు వాపోయాడు. పాపం, అతన్ని ఇప్పటికీ వెక్కిరిస్తూనే ఉన్నారు. నేనైతే అతని పక్షమే.

ఇక్కణ్నుంచి దారి మారిపోతుంది. 2001లో మెటాక్రిటిక్ అనే వెబ్‌సైట్ వచ్చి అందరి మార్కులూ కలిపి ఒక్క అంకె చేసింది. ‘ఫాలౌట్: న్యూ వేగస్’ తయారు చేసిన అబ్సిడియన్‌కు ఆ అంకె 85కి చేరితే బోనస్ అని ఒప్పందం. వచ్చింది 84. బోనస్ పోయింది. ఏ ఊళ్లోనో ఎవరో ఒకడు ఒక మార్కు తక్కువేస్తే ఇంకో ఊళ్లో జీతగాళ్ల డబ్బు పోవడం లడ్లో పిల్లల ఊహకు కూడా అందదు. 2007లో గేమ్‌స్పాట్‌లో జెఫ్ గెర్స్‌ట్‌మన్ ‘కేన్ అండ్ లించ్’కి పదికి ఆరు వేశాడు. ఆ సైట్ ముఖద్వారం నిండా ఆ గేమ్ ప్రకటనలే. అతని ఉద్యోగం పోయింది. 2020 డిసెంబరులో ‘సైబర్‌పంక్ 2077’కి సమీక్షకులు తొమ్మిదులు, పదులు వేశారు. వాళ్లకు ముందుగా ఇచ్చింది పీసీ కాపీలు మాత్రమే. పాత కన్సోళ్ల మీద అదే గేమ్ కుప్పకూలుతుంటే, సోనీ తన ఆన్‌లైన్ దుకాణంలోంచి దాన్ని తీసేసి డబ్బు వాపసిచ్చింది.

అంతకుముందు వేసవిలో ‘ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2’ విడుదలైన కొన్ని గంటల్లోనే మెటాక్రిటిక్‌లో వేలమంది మామూలు జనం సున్నాలు వేశారు. పూర్తి చేయడానికి ఇరవై గంటలకు పైనే పట్టే గేమ్ అది. దెబ్బకు మెటాక్రిటిక్, గేమ్ విడుదలయ్యాక 36 గంటలదాకా జనం మార్కులు వేయకుండా ఆపింది. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్‌ల దుకాణంలో ఈ బాధ కొంత తక్కువ. అక్కడ మార్కుల్లేవు, బొటనవేలు పైకో కిందకో. ప్రతి సమీక్ష పక్కనా రాసినవాడు ఎన్ని గంటలు ఆడాడో కూడా వేస్తారు. వెయ్యి గంటలు దాటేలా ఆడి, బొటనవేలు కిందికి తిప్పి, ఎవరూ కొనొద్దని రాసినవాళ్లు అక్కడ కొల్లలు. నేను ముందు చదివేది వాళ్లనే.