కొరింత్ భూసంధి
కొరింత్ భూసంధి గ్రీసు ప్రధాన భూభాగాన్ని పెలొపొనీసస్ ద్వీపకల్పంతో కలిపే సన్నని నేల. అతి ఇరుకైన చోట దీని వెడల్పు సుమారు 6 కిలోమీటర్లు. దక్షిణాన మలేయా అగ్రం చుట్టూ సాగే సముద్రమార్గం గాలివానలకు పేరుపడటంతో వర్తకులు భూసంధి మీదుగా సాగే దారినే ఎంచుకునేవారు. పడమట లెఖయాన్, తూర్పున కెన్‌క్రియై రేవులున్న కొరింత్ నగరం సుంకాలతో సంపన్నమైంది. క్రీ.పూ. 600 ప్రాంతంలో వేసిన డియోల్కోస్ భూసంధిని దాటించే, సున్నపురాతి పలకలు పరిచిన బాట. దానిమీద సుమారు 1.5 మీటర్ల ఎడంతో చక్రాల గాడులు ఉన్నాయి. యుద్ధకాలంలో నౌకలనూ నేలమీదుగా లాగారు, క్రీ.పూ. 412లో స్పార్టా కూటమి చేసింది అదే. మామూలు రోజుల్లో మాత్రం పాలరాయి, కలప వంటి బరువైన సరుకే ఎక్కువగా సాగి ఉంటుంది. క్రీ.శ. 67లో నీరో చక్రవర్తి ఇక్కడ కాలువ తవ్వకం మొదలుపెట్టినా అది మధ్యలోనే ఆగిపోయింది. దాదాపు అదే గీతమీద నేటి కాలువ 1893లో పూర్తయింది.