పొగకొండ పక్కన అద్దె ఇల్లు

చారిత్రక స్థలం పక్కన ఇల్లు అద్దెకు దొరికిందంటే మనవాళ్ళకి చార్మినారో, గోల్కొండ కోటో గుర్తొస్తుంది. బహ్రెయిన్ లో మేముంటున్న అవాలికి దగ్గర్లో ఉన్న చారిత్రక స్థలం ఒక బావి. అదీ నీళ్ళ బావి కాదు, చమురు బావి! గల్ఫ్ అరబ్బు తీరంలో మొట్టమొదట చమురు పడింది అందులోనే.

బావి పక్కనున్న గుట్ట పేరు జబల్ అల్ దుఖాన్. తెలుగులో చెప్పాలంటే పొగకొండ. ఎత్తు సుమారు 134 మీటర్లు. తిరుమల మెట్లెక్కిన వాళ్ళకి ఇదొక కొండలా కనిపించదు గానీ, ఈ దేశంలో ఇంతకంటే ఎత్తైన చోటు లేదు. 1931 అక్టోబరులో దీని దగ్గర తవ్వకం మొదలైంది. 1932 వేసవిలో, సుమారు 2,000 అడుగుల లోతున చమురు తగిలింది. అప్పటికే జపాన్ పెంపకపు ముత్యాల పోటీ, 1929 నాటి ఆర్థిక మాంద్యం కలిసి బహ్రెయిన్ ముత్యాల వ్యాపారాన్ని దెబ్బ తీశాయి. బతుకుతెరువు పోయిన జనానికి ఈ బావే దిక్కయింది.

బావి తవ్వింది బాప్కో, అంటే బహ్రెయిన్ పెట్రోలియం కంపెనీ. పేరు బహ్రెయిన్ ది, సొంతదారు అమెరికాలోని స్టాండర్డ్ ఆయిల్ ఆఫ్ కాలిఫోర్నియా, 1929లో రిజిస్టరు చేసింది కెనడాలో! ఆ కంపెనీ తన ఉద్యోగుల కోసం 1930లలో ఎడారి మధ్య కట్టిన ఊరే అవాలి. బంగళాలు, చెట్లు, క్లబ్బు, ఎయిర్ కండిషనింగ్, చుట్టూ కంచె.

ఆ రోజుల్లో ఇక్కడ "టు లెట్" బోర్డు పని లేదు. ఇల్లు ఉద్యోగంతో వచ్చేది, ఉద్యోగంతోనే పోయేది. అదైనా అమెరికా, బ్రిటన్ నుంచి వచ్చిన వాళ్ళకే. మన దేశం నుంచి వచ్చిన గుమాస్తాలూ, పనివాళ్ళూ కంచె బయటే ఉండేవాళ్ళు. విచిత్రం ఏమిటంటే, 1947 వరకూ గల్ఫ్ వ్యవహారాలు చూసింది బ్రిటిష్ ఇండియా ప్రభుత్వమే. 1965లో దినార్ వచ్చేదాకా ఇక్కడ చెలామణీ అయింది కూడా రూపాయే. మన రూపాయి చెల్లింది గానీ, మన మనిషికి మాత్రం ఇంటి తాళం దక్కలేదన్నమాట.

అలాగని మనవాళ్ళు అందరికంటే కింద మెట్టున లేరు. అంతకంటే కింద ఉన్నది బహ్రెయిన్ వాళ్ళే. తమ నేలలో పడిన చమురు దగ్గర ఉద్యోగాలు తమకే ముందు ఇవ్వాలని 1938లో ఉద్యమం లేవదీశారు. దాని నాయకులను దేశం నుంచి పంపేశారు. ఎక్కడికనుకున్నారు? బొంబాయికి! మన గుమాస్తాలు వచ్చిన సముద్రం మీదుగానే వాళ్ళు వెళ్ళారు.

తర్వాత కాలం మారింది. 1997లో బాప్కో పూర్తిగా బహ్రెయిన్ ప్రభుత్వం చేతికి వచ్చింది. ఇప్పుడు అవాలిలో బహ్రెయినీ కుటుంబాలున్నాయి, మన ఇంజనీర్లున్నారు, కాంట్రాక్టు మీద కంప్యూటర్ పని చేసే నాలాంటి వాడికీ చోటు దొరికింది. 2021లో ఇక్కడే పెద్ద కెథెడ్రల్ తెరిచారు. ప్రార్థనకు వచ్చేవాళ్ళలో మనదేశపు మొహాలు ఎన్నో కనిపిస్తాయి.

ఇదంతా చూసి కంచె పోయిందనుకోవడం తేలికే. కానీ ఇదే దీవిలో కరీంనగర్, నిజామాబాద్, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన మనవాళ్ళు కంపెనీ క్యాంపుల్లో, ఒక గదిలో ఆరేడుగురు చొప్పున ఉంటున్నారు. వాళ్ళకీ మంచం ఉద్యోగంతో వస్తుంది, ఉద్యోగంతోనే పోతుంది. భార్యాబిడ్డలను తెచ్చుకోవాలంటే జీతం అంతకు తూగాలి. అది తూగదు.

ఊరి నుంచి చుట్టాలొస్తే మొదటి బావినీ, దాని పక్కన 1992లో పెట్టిన చమురు మ్యూజియంనీ చూపిస్తాం. చూడాల్సినవే. కాకపోతే, ఆ సంపద ఎంత లోతు నుంచి వచ్చిందో చెప్పినప్పుడు, అది తీసిన వాళ్ళు రాత్రి ఎక్కడ పడుకున్నారో, ఇవాళ ఎక్కడ పడుకుంటున్నారో కూడా చెప్పాలి. అప్పుడే ఆ బావి కథ పూర్తవుతుంది.