ఒకే సర్వరులో వేరు కాపురాలు

బెజవాడ గవర్నరుపేటలో ఒక జిరాక్సు షాపు మేడ మీద నేను వెబ్‌సైట్లు పెట్టించే పని చేసేవాణ్ణి. వచ్చినవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: "మా పేరు మీదే ఉంటుంది కదండీ?" అందులో ఏం పెట్టాలో తర్వాత సంగతి, డాట్ కామ్ మాత్రం సొంత పేరుతో ఉండాలి. పేరు సొంతమే. కానీ పచ్చళ్ల వ్యాపారి, కల్యాణ మండపం, డిగ్రీ కాలేజీ, హోటలు, అందరూ అమెరికాలో ఎక్కడో ఉన్న ఒకే సర్వరులో, నేను అద్దెకు తీసుకున్న ఒకే ఖాతాలో సర్దుకుని ఉండేవారు. అలా సర్దడమే నా బతుకుతెరువు. మరో పదేళ్లు ముందు పుట్టి ఉంటే ఆ బతుకుతెరువు ఉండేదే కాదు.

ఇంటర్నెట్ తొలి రోజుల్లో యంత్రాల పేర్లన్నీ ఒకే ఫైల్లో ఉండేవి. దాన్ని కాలిఫోర్నియాలోని ఎస్‌ఆర్‌ఐ పరిశోధన సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ బృందం చూసుకునేది. కొత్త యంత్రం వస్తే వాళ్లకు చెప్పాలి, వాళ్లు ఫైల్లో చేర్చాలి, మిగతావాళ్లు దాన్ని దించుకోవాలి. 1983లో పాల్ మొకపెట్రిస్ పేరుకు అడ్రసు చెప్పే డీఎన్‌ఎస్ రూపొందించాక ఎవరి పేర్లు వాళ్లే చూసుకునే వీలు కలిగింది. ఒకే ఐపీ అడ్రసుకు ఎన్ని పేర్లయినా తగిలించవచ్చు. అంటే నా పనికి కావలసిన సగం సరంజామా వెబ్ పుట్టకముందే సిద్ధంగా ఉంది.

రెండో సగానికే ఆలస్యమైంది. 1991 నాటి వెబ్‌లో బ్రౌజర్ డీఎన్‌ఎస్‌ను అడిగి పేరుకు అడ్రసు కనుక్కునేది, కనుక్కోగానే ఆ పేరును మరిచిపోయేది! సర్వరు దగ్గరకు వెళ్లి "ఫలానా పేజీ ఇవ్వు" అనేది తప్ప, ఎవరి సైటులోని పేజీయో చెప్పేది కాదు. అప్పట్లో అది లోపంగా ఎవరికీ తోచినట్టు లేదు. ఒక సంస్థకు ఒక యంత్రం, దానిలో ఒక సైటు. ఇంకెవరి సైటని అడగాలి?

వ్యాపారులు దిగాక చిక్కు వచ్చింది. ఒక యంత్రంలో పది సైట్లు పెట్టాలంటే పది ఐపీ అడ్రసులు కావాలి. ఒకే నెట్‌వర్క్ కార్డుకు అన్ని అడ్రసులూ తగిలించి, ఏ అడ్రసు మీద వచ్చినవాడికి ఆ సైటు చూపేవారు. 256 అడ్రసుల బ్లాకులో వాడుకోడానికి మిగిలేవి 254. అవి నిండితే మళ్లీ బ్లాకు కోసం చెయ్యి చాచాలి. ఐపీ వెర్షన్ 4లో మొత్తం అడ్రసులే సుమారు 429 కోట్లు. పచ్చళ్ల దుకాణానికొకటి, పెళ్లి మండపానికొకటి పంచుకుంటూ పోతే ఏమయ్యేదో చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత ఎంత పొదుపు చేసినా 2011 ఫిబ్రవరిలో కేంద్ర నిల్వ ఖాళీ అయింది.

దీనికి దొరికిన మందు ఒక్క వరుస. బ్రౌజర్ పేజీ అడిగేటప్పుడు "హోస్ట్:" అని రాసి పక్కన సైటు పేరు కూడా పంపాలి, అంతే. ప్రమాణం ఖాయం కాకముందే బ్రౌజర్లు దాన్ని పంపడం మొదలుపెట్టాయి. 1996లో అపాచీ 1.1 సర్వరు దాన్ని చదివి సైట్లను వేరుచేయడం నేర్చుకుంది. 1997 జనవరిలో వెలువడిన హెచ్‌టీటీపీ 1.1 ప్రమాణం దాన్ని తప్పనిసరి చేసింది. ఆ వరుస లేకుండా వచ్చిన అభ్యర్థనను 400 అంకెతో తిప్పికొట్టమంది. వెబ్ చరిత్ర అనగానే అందరూ బొమ్మలూ రంగులూ చెబుతారు. చిన్న వ్యాపారిని వెబ్ మీదికి తెచ్చింది నా లెక్కన ఈ వరుసే.

పేరు ధర కూడా కలిసొచ్చింది. 1995 సెప్టెంబరు దాకా డాట్ కామ్ ఉచితం. ఆ తర్వాత పేర్లు నమోదు చేసే నెట్‌వర్క్ సొల్యూషన్స్ రెండేళ్లకు 100 డాలర్లు పెట్టింది, అప్పటి లెక్కన మూడు వేల రూపాయల పైమాటే. 1999లో పోటీ రిజిస్ట్రార్లు వచ్చాక ధర దిగింది. 2005లో మన డాట్ ఇన్ కూడా అందరికీ తెరుచుకుంది.

ఇక సర్వరు సర్దుబాట్లన్నీ బ్రౌజర్లోనే చేసుకునే సీప్యానెల్. 1996లో నికొలస్ కోస్టన్ అనే కుర్రవాడు మొదలుపెట్టిన ఈ ప్యానెల్ లేకపోతే అపాచీ ఫైళ్లను చేత్తో దిద్దుకుంటూ కూర్చునేవాణ్ణి. "యాడాన్ డొమైన్" నొక్కి పేరు కొడితే పబ్లిక్ హెచ్‌టీఎంఎల్ అనే ఫోల్డరు లోపల ఇంకో ఫోల్డరు పుట్టేది. ఒకే సైటుకు రెండో పేరు కావాలంటే "పార్క్డ్ డొమైన్". నేమ్ సర్వర్లు మార్చి, "ప్రొపగేషన్ అవుతోందండీ, రేపు చూడండి" అని చెప్పి పంపేవాణ్ణి. నిజానికి ప్రొపగేషన్ అంటూ ఏదీ ఎక్కడికీ పాకదు. పాత సమాధానాన్ని దాచుకున్న సర్వర్లలో దాని గడువు తీరాలి, అంతే.

యాడాన్ డొమైన్లు బయటికి వేరు కాపురాలు, లోపల ఉమ్మడి వంటిల్లు. అన్ని ఫోల్డర్లకూ యజమాని ఒకే యూనిక్స్ యూజరు. కాలేజీవాళ్ల సైటు నడిపే పాత జూమ్లా సాఫ్ట్‌వేర్ కన్నంలోంచి ఎవడో దూరితే హోటలు మెనూలో కూడా మందుల ప్రకటనలు మొలిచేవి. మెయిలు కూడా ఒకే ఐపీ నుంచి పోయేది కనుక ఒకరు స్పామ్ పంపితే అందరి ఉత్తరాలూ ఆగేవి. అందుకే డబ్బు పెట్టగలవారికి రీసెల్లర్ ప్లానులో విడివిడి ఖాతాలు ఇచ్చేవాణ్ణి. మిగతావాళ్లు "ఇప్పుడు బాగానే ఉంది కదండీ" అనేవారు. ఖర్చు తగ్గించుకోవాలనుకోవడం తప్పు కాదు, కానీ సైటు మీద ఫీజులు కట్టించుకునే కాలేజీ కూడా అలా అనడం నాకిప్పటికీ మింగుడుపడదు.

హెచ్‌టీటీపీఎస్ విషయానికి వచ్చేసరికి 1991 నాటి చిక్కే మళ్లీ ఎదురైంది. రహస్య సంభాషణ మొదలయ్యాకే హోస్ట్ వరుస వెళ్తుంది. సైటు ఫలానావారిదేనని చాటే సర్టిఫికెట్లలో ఎవరిది చూపాలో మాత్రం సర్వరు అంతకుముందే తేల్చుకోవాలి. పేరు తెలియకపోతే జాబితాలో మొదటివాడిదే చూపిస్తుంది. కాలేజీ పేరు ముందున్న హెచ్‌టీటీపీకి ఒక ఎస్ చేర్చి కొడితే హెచ్చరిక దాటాక బిర్యానీ మెనూ కనపడ్డ సంగతి ప్రిన్సిపాల్ గారు ఫోన్ చేసి మరీ చెప్పారు. పేరును ముందే చెప్పే ఎస్‌ఎన్‌ఐ పద్ధతి 2003లోనే ప్రమాణంలోకి ఎక్కింది. కానీ విండోస్ ఎక్స్‌పీలోని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు అది తెలియదు. ఎక్స్‌పీ వాడేవాళ్లు తగ్గేదాకా సర్టిఫికెట్ కావాలన్న ప్రతివాడికీ మళ్లీ విడి ఐపీ కొనాల్సి వచ్చింది. 2015 చివర్లో లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సేవ అందరికీ ఉచితంగా సర్టిఫికెట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. దాంతో సర్టిఫికెట్ ఖర్చూ పోయింది, దాని మీద నాకొచ్చే నాలుగు డబ్బులూ పోయాయి.

ఇప్పుడు ఒకరిద్దరు తెలుగు లిపిలోనే పేరు కావాలంటున్నారు, చివర డాట్ భారత్‌తో. కొని ప్యానెల్లో చేరిస్తే అక్కడ తెలుగు కనపడదు. ఎక్స్‌ఎన్ అని రెండు గీతలతో మొదలై, అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు బారుగా కనిపిస్తాయి. హోస్ట్ వరుసలో ప్రయాణించేదీ ఆ రూపమే, ఎందుకంటే పాత సర్వర్లు ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, చిన్న గీత తప్ప మరోటి ఒప్పుకోవు. "ఇది మా పేరేనా అండీ?" అని వాళ్లడిగితే, మీదేనండీ, సర్వరుకు అలా చెబితేనే తెలుస్తుందని చెప్పి, బ్రౌజర్లో తెలుగులో తెరిచి చూపిస్తున్నాను.